టూ-స్ట్రోక్ ఏటీవీకి కొత్త పైపు: ఎంపిక, జెట్టింగ్, క్లచ్ ట్యూనింగ్

టూ-స్ట్రోక్ ఏటీవీకి (మట్టి దారుల్లో, ఇసుకలో తిప్పే నాలుగు చక్రాల బండి) ఎగ్జాస్ట్ పైపు మార్చాక "సౌండ్ పెరిగింది గానీ పికప్ రాలేదు" అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ఇందులో పైపు తప్పు ఉండేది తక్కువసార్లే. కొత్త పైపు పవర్ ఇచ్చే ఆర్‌పీఎం ఒకటి, పాత క్లచ్ సెట్టింగ్ ఇంజిన్‌ని తిప్పే ఆర్‌పీఎం మరొకటి. ఆ రెండూ కలవనంత కాలం పెట్టిన డబ్బు శబ్దానికే సరిపోతుంది. అందుకే పైపు, జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిల్లు), క్లచ్ మూడింటినీ ఒకే పనిగా అనుకుని, ఇదే వరసలో చేయాలి. క్లచ్ ముందు కుదిర్చి తర్వాత జెట్టు మారిస్తే క్లచ్ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ ప్రధానంగా తీసుకున్నది బెల్టు క్లచ్ ఉన్న పొలారిస్ టూ-స్ట్రోక్‌లు. 1985లో ట్రైల్ బాస్‌తో మొదలైన ఈ వరసలో బాగా కనిపించేవి రెండు ఇంజిన్లు: 244 సీసీ ఎయిర్ కూల్డ్ (బోర్ 72, స్ట్రోక్ 60 మి.మీ.), 378 సీసీ లిక్విడ్ కూల్డ్ (బోర్ 83, స్ట్రోక్ 70 మి.మీ.). స్క్రాంబ్లర్ 400లో ఉండేది రెండోది. అమెరికాలో ఇవి ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. అక్కడ ఉండే మనవాళ్లు మొదటి బండిగా వీటిని కొనుక్కోవడానికి కారణం ధరే. గేర్లు, చేతి క్లచ్ ఉన్న యమహా బాన్షీ సంగతి వేరు, దాని గురించి చివర్లో చూద్దాం.

పైపు లోపల జరిగేది

టూ-స్ట్రోక్ పైపు పొగను బయటికి పంపే గొట్టం మాత్రమే కాదు. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ గోడలో పొగ బయటికెళ్లే ద్వారం) తెరుచుకోగానే ఒక పీడన తరంగం పైపులోకి దూకుతుంది. వెడల్పయ్యే కోన్ దగ్గర అది చూషణ తరంగంగా వెనక్కి వచ్చి, సిలిండర్‌లో మిగిలిన కాలిన గ్యాసును లాగేస్తుంది. కొంత తాజా మిశ్రమం కూడా దాంతో పాటు పైపు మెడలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఇరుకయ్యే కోన్‌ను తాకిన తరంగం ఈసారి ఒత్తిడి తరంగంగా తిరిగొచ్చి, బయటికొచ్చిన ఆ మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఈ వేళ కుదిరేది ఒక ఆర్‌పీఎం పరిధిలోనే. ఆ పరిధి దాటితే అదే పైపు ఇంజిన్‌కి అడ్డు.

ఏ ఆర్‌పీఎం దగ్గర కుదురుతుందో ఉజ్జాయింపుగా లెక్కేసుకోవచ్చు. ఎగ్జాస్ట్ పోర్టు ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో ఆ సంఖ్యను 43,000తో గుణించి, కావలసిన ఆర్‌పీఎంతో భాగించండి. వచ్చేది మిల్లీమీటర్లలో పొడవు. పిస్టన్ ముఖం నుంచి ఇరుకు కోన్ మధ్య భాగం దాకా, పైపు నడి గీత వెంట కొలవాలి. పోర్టు 170 డిగ్రీలు, లక్ష్యం 6,500 అనుకుంటే దాదాపు 1,125 మి.మీ. వస్తుంది. పైపు 25 మి.మీ. పొట్టిదైతే పవర్ వచ్చే చోటు దాదాపు 150 ఆర్‌పీఎం పైకి జరుగుతుంది. పోర్టింగ్ చేయించి (పోర్టును కోసి పెద్దది చేయించి) 180 డిగ్రీలకు పెంచిన ఇంజిన్‌కి అదే 1,125 మి.మీ. పైపు బిగిస్తే 6,900 దరిదాపుల్లో పనిచేస్తుంది. కాబట్టి స్టాక్ (కంపెనీ నుంచి వచ్చిన) సిలిండర్‌కి చేసిన పైపును పోర్టింగ్ చేసిన సిలిండర్‌కి పెట్టుకుని, అమ్మినవాడు చెప్పిన ఆర్‌పీఎం రాలేదని వాదించి లాభం లేదు.

43,000 అన్న సంఖ్య వేడెక్కిన పైపులో తరంగ వేగం నుంచి వచ్చింది. పైపు చల్లగా ఉంటే తరంగం నెమ్మదిస్తుంది, పవర్ వచ్చే ఆర్‌పీఎం కిందికి దిగుతుంది. వంద మీటర్ల పోటీ ముగిసే సరికి పైపు పూర్తిగా వేడెక్కదు. పొడుగాటి ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఒకే పైపు ఈ రెండు చోట్లా ఒకే ఆర్‌పీఎం అడగదు. క్లచ్ దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

కొనేముందు చూడాల్సినవి

బండి ఎక్కడ తిరుగుతుందో ముందు తేల్చుకోండి. చెట్ల మధ్య దారులు, బురద, రాళ్లు అయితే కింది, మధ్య ఆర్‌పీఎంలలో లాగే పైపు కావాలి. ఇరుకు కోన్ వాలు తక్కువగా, నెమ్మదిగా సన్నబడేలా ఉంటే పవర్ పరిధి వెడల్పుగా ఉంటుంది. కోన్ నిటారుగా ముగిస్తే గరిష్ఠ పవర్ ఎక్కువ, పరిధి ఇరుకు. బెల్టు క్లచ్ ఇంజిన్‌ని ఒకే ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచగలదు కాబట్టి ఇరుకు పరిధి పైపు కూడా పనికొస్తుందని కొందరంటారు. నేరు పరుగులో అది నిజమే. మలుపు దగ్గర ఎక్సలేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు ఇంజిన్ ఆ పరిధి బయట ఉంటుంది, బండి ఊపిరి ఆడనట్టు గునుస్తుంది. ట్రైల్ బండికి వెడల్పు పరిధి పైపే సరైనదని మా అభిప్రాయం. డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితంలో శిఖరం ఎంత ఎత్తుందన్నది కాదు, శిఖరానికి 1,000 ఆర్‌పీఎం కింద గీత ఎంత ఎత్తులో ఉందన్నది చూసి కొనండి.

డైనో కాగితం ఇవ్వని తయారీదారుని రెండు ప్రశ్నలు అడగాలి: గరిష్ఠ పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర, ఏ క్లచ్ వెయిట్‌తో పరీక్షించారు? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేనివాడి దగ్గర కొనకపోవడం మేలు.

సెకండ్ హ్యాండ్ పైపు అయితే సొట్టలు చూడండి. లావుపాటి మధ్య భాగంలో చిన్న సొట్ట పెద్దగా నష్టం చేయదు. మెడ దగ్గర, వెనక సన్నటి తోక గొట్టం దగ్గర ఉన్న సొట్ట మాత్రం వదిలేయకూడదు. ఆ తోక గొట్టమే పైపులో ఎంత పీడనం, వేడి నిలవాలో నిర్ణయిస్తుంది. అది ఇరుకైతే వేడి సిలిండర్‌లోకి తన్ని పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. వెడల్పైతే మధ్య ఆర్‌పీఎంలో పవర్ పోతుంది. వెనక తగిలించే సైలెన్సర్ లోపలి చిల్లుల గొట్టం ఈ తోక గొట్టం కన్నా సన్నగా ఉండకూడదు. వేరే బండి సైలెన్సర్ తెచ్చి అతికించేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇదే. వెల్డింగ్ లోపలికి పొంగి ముద్దలు కట్టిందేమో మెడ చివర వేలు పెట్టి తడిమి చూడండి.

అమెరికా జాతీయ అడవుల్లో తిప్పాలంటే ఫారెస్ట్ సర్వీస్ ఆమోదించిన స్పార్క్ అరెస్టర్ (నిప్పురవ్వలు బయట పడకుండా ఆపే అమరిక) ఉండి తీరాలి. చాలా రేసింగ్ సైలెన్సర్లకు అది ఉండదు, విడిగా కొనాలి. కాలిఫోర్నియాలో 1986 నుంచి తయారైన బండికి శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదు. ఎస్‌ఏఈ జె1287 పద్ధతిలో గొట్టం మూతికి 20 అంగుళాల దూరంలో కొలుస్తారు. సైలెన్సర్ లోపలి ఫైబర్ నూలు నూనె తాగి బరువెక్కినప్పుడు శబ్దం పెరుగుతుంది, అప్పుడు నూలు మార్చాల్సిందే.

పైపు పెట్టెలోంచి తీయకముందే ఇంజిన్‌ని పరీక్షించండి

కొత్త పైపు పెట్టిన వారంలో పిస్టన్ పట్టేసిన బండ్లలో చాలావాటికి అసలు జబ్బు ముందు నుంచే ఉంటుంది. క్రాంక్ సీలు ఎక్కడో గాలి పీలుస్తూ ఉంటుంది. స్టాక్ పైపుతో ఎలాగో నెట్టుకొచ్చిన ఇంజిన్ కొత్త పైపుతో ఇంకా లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి గాలి పరీక్ష తప్పనిసరి.

కార్బొరేటర్ తీసి ఆ రబ్బరు గొట్టాన్ని, ఎగ్జాస్ట్ పోర్టును రబ్బరు బిరడాలతో మూయండి. ప్లగ్గు బిగించే ఉంచండి. క్రాంక్ కేసుకి వెళ్లే పల్స్ గొట్టం, ఆయిల్ ఇంజెక్షన్ గొట్టం కూడా మూయాలి. బిరడాకు పెట్టిన వాల్వు నుంచి చేతి పంపుతో 6 పీఎస్ఐ ఎక్కించి 6 నిమిషాలు చూడండి. నిమిషానికి 1 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడితే సబ్బు నీళ్లు పూసి ఎక్కడ బుడగ లేస్తుందో వెతకండి. 10 పీఎస్ఐ దాటించకూడదు, మంచి సీలు కూడా జారిపోతుంది. పొలారిస్‌లో ముఖ్యంగా చూడాల్సింది ప్రైమరీ క్లచ్ (క్రాంకు మీద ఉండే క్లచ్) వెనకున్న క్రాంక్ సీలు. అది కారితే గాలి లోపలికి వెళ్లడమే కాదు, నూనె తుంపర బెల్టు మీద పడి బెల్టు జారుతుంది. అప్పుడు క్లచ్‌లో ఎన్ని స్ప్రింగులు మార్చినా ఫలితం ఉండదు.

ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చీలాయేమో కూడా ఇప్పుడే చూడండి. రబ్బరు చీలిన ఇంజిన్ ఎక్సలేటర్ నొక్కగానే మెలి తిరుగుతుంది, రెండు క్లచ్‌ల మధ్య దూరం మారిపోతుంది.

బిగింపు

పాత గాస్కెట్ పూర్తిగా గీకేసి కొత్తది వేయండి. స్ప్రింగులు తగిలించే ముందు పైపు తన బ్రాకెట్లలో సహజంగా కూర్చోవాలి. లాగి, వంచి బోల్టు బిగిస్తే కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. బ్రాకెట్ల దగ్గర రబ్బరు మౌంటింగులు తప్పక వాడండి. ప్లాస్టిక్ బాడీకి, కేబుళ్లకు, క్లచ్ కవరుకి కనీసం 15 మి.మీ. ఖాళీ ఉంచండి. క్లచ్ కవరు దగ్గర పైపు వేడి నేరుగా తగిలితే లోపలి బెల్టు కూడా వేడెక్కుతుంది. మొదటి రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించండి.

జెట్టింగ్: రిచ్ నుంచి కిందికి రావాలి

పైపు గ్యాసును బాగా లాగితే గాలి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ పెట్రోలు రావాలి. మికూని కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ స్టాక్ కన్నా మూడు సైజులు పెద్దది పెట్టి మొదలుపెట్టండి. ఉదాహరణకు ఉన్నది 200 అయితే 230. ఎయిర్ బాక్సు మూత కూడా తీసేస్తే ఇంకో రెండు సైజులు పైకి. ఫుల్ ఎక్సలేటర్‌లో ఇంజిన్ గరగరమంటూ, పూర్తిగా విప్పుకోనట్టు తిరిగితే రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉన్నట్టు. ఒక్కో సైజు తగ్గిస్తూ, శబ్దం శుభ్రంగా మారే చోటికి రండి. అక్కడ ప్లగ్గు చూడాలి.

కొత్త ప్లగ్గు పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక, పొడుగాటి చదును నేల మీద ఫుల్ ఎక్సలేటర్‌లో 8 నుంచి 10 సెకన్లు లాగించి, కిల్ స్విచ్ నొక్కి వెంటనే ఎక్సలేటర్ వదిలేయండి. ఐడిల్‌లో తిరగనిస్తే రంగు మారిపోయి చదవడానికి ఏమీ మిగలదు. ప్లగ్గు పింగాణీ కొస కాదు, లోపల అడుగున ఉండే ఉంగరం చూడాలి. దానికి చిన్న లైటున్న భూతద్దం కావాలి. లేత కాఫీ రంగు గీత ఉంటే సరి. ఉంగరం తెల్లగా, పింగాణీ మీద మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలు ఉంటే అది పిస్టన్ లోహమే, వెంటనే ఆపి రెండు సైజులు పెంచండి. చివరికి సరిపోయిన జెట్టు కన్నా ఒక సైజు పెద్దది ఉంచుకోవడమే ట్రైల్ బండికి క్షేమం.

మెయిన్ జెట్ పని ముప్పాతిక ఎక్సలేటర్ పైనే. పావు నుంచి ముప్పాతిక దాకా కార్బొరేటర్ లోపలి సూదిదే రాజ్యం. మధ్యలో బండి వెలితిగా లాగితే సూది క్లిప్పు ఒక గాడి కిందికి మార్చండి, సూది పైకి లేచి రిచ్ అవుతుంది. ఎక్సలేటర్ తెరవడం మొదలుపెట్టిన చోట తేడా అయితే పైలట్ జెట్ (ఐడిల్ దగ్గర పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టు) చూడాలి. వాతావరణం 11 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. 600 మీటర్ల ఎత్తు ఎక్కితే ఒక సైజు తగ్గించాలి.

పొలారిస్‌లో ఆయిల్ పంపు కేబుల్ ఎక్సలేటర్‌తో కలిసే ఉంటుంది. కార్బొరేటర్ ముట్టుకున్న ప్రతిసారీ పంపు మీద గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడాలి. గొట్టం విప్పితే గాలి తీసేయాలి. ఆయిల్ గొట్టంలో గాలి బుడగ ఇరుక్కున్నా క్రాంక్ బేరింగు పోవడానికి అది చాలు.

బెల్టు క్లచ్ ఎలా ఆలోచిస్తుంది

ప్రైమరీ క్లచ్ క్రాంకు మీద ఉంటుంది. లోపల మూడు వెయిట్లు, ఒక స్ప్రింగు. ఆర్‌పీఎం పెరిగితే వెయిట్లు బయటికి విసురుకుని పుల్లీని మూస్తాయి, బెల్టు పైకెక్కుతుంది. సెకండరీలో హెలిక్స్ అనే వాలు, మెలి స్ప్రింగు ఉంటాయి. అవి బెల్టును తిరిగి చిన్న గేరు వైపు లాగుతూ, చక్రాల మీద బరువు పడ్డప్పుడు ఇంకా గట్టిగా బిగుస్తాయి. ఈ రెండింటి పోట్లాటలో ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దగ్గర నిలబడుతుందో అదే షిఫ్ట్ ఆర్‌పీఎం. కైనెటిక్ హోండా వేరియేటర్‌లో రోలర్లు మార్చి చూసిన మన మెకానిక్‌లకు ఈ సూత్రం కొత్త కాదు, అక్కడ రోలర్లు చేసే పని ఇక్కడ వెయిట్లు చేస్తాయి.

బరువైన వెయిట్లు ఆర్‌పీఎం తగ్గిస్తాయి, తేలికవి పెంచుతాయి. ప్రైమరీ స్ప్రింగు మొదటి బిగువు బండి కదలడం మొదలయ్యే ఆర్‌పీఎంను, చివరి బిగువు పై షిఫ్ట్‌ను మారుస్తాయి. హెలిక్స్ కోణం పెద్దదైతే షిఫ్ట్ తొందరగా జరిగి ఆర్‌పీఎం పడుతుంది. చిన్నదైతే నెమ్మదిగా షిఫ్ట్ అయి, మలుపు తర్వాత తిరిగి చిన్న గేరులోకి తొందరగా వస్తుంది. సెకండరీ స్ప్రింగును ఒక రంధ్రం బిగించినా ఇదే జరుగుతుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది.

క్లచ్ విప్పడం, శుభ్రం

కావలసినవి: మీ మోడల్‌కి సరిపోయే క్లచ్ పుల్లర్, 0.1 గ్రాము చూపే త్రాసు, ప్లగ్గు వైరుకి చుట్టే రకం ఆర్‌పీఎం మీటరు, నల్ల మార్కర్, స్టాప్‌వాచ్, వీలైతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. మీటరు సెట్టింగ్ సరిగ్గా ఉందో ఐడిల్‌లోనే తెలుస్తుంది. 1,500 చూపాల్సిన చోట 3,000 చూపిస్తే పల్స్ సెట్టింగ్ తప్పు.

ప్రైమరీ క్లచ్ టేపర్ (క్రాంకు సన్నబడే కొస) మీద కూర్చుంటుంది. సుత్తితో కొట్టి గానీ, రెండు వైపుల నుంచి గడ్డపార పెట్టి గానీ తీయకూడదు, పుల్లీ వంకరపోతుంది. విప్పే ముందు మూత, స్పైడర్ (రోలర్లు ఉండే మూడు చేతుల భాగం), కదిలే పుల్లీ మీద ఎక్స్ గుర్తులు ఉన్నాయో చూడండి, లేకపోతే మార్కర్‌తో పెట్టుకోండి. అవి కలిపి బిగించకపోతే బ్యాలెన్సు పోయి క్రాంకు వణుకుతుంది. ఏ వెయిట్లు ఉన్నాయి, స్ప్రింగు రంగేమిటి, సెకండరీ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది అన్నీ ఫోటో తీసి రాసుకోండి.

పుల్లీ ముఖాలను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, గరుకు ప్యాడ్‌తో మెల్లగా రుద్దండి. క్లచ్ లోపల గ్రీజు, నూనె చుక్క కూడా వేయకూడదు, దుమ్ము అతుక్కుని వెయిట్లు మధ్యలో పట్టేస్తాయి. రోలర్లు ఒకవైపు అరిగి చదునయ్యాయేమో, వెయిట్ల పిన్నులు వదులయ్యాయేమో, సెకండరీలో ప్లాస్టిక్ బటన్లు అరిగాయేమో చూడండి. అరిగిన క్లచ్‌ను ట్యూన్ చేయలేం. బిగించేటప్పుడు టేపర్‌ను పొడిగా, నూనె లేకుండా తుడవాలి. పొలారిస్ మాన్యువల్ ప్రకారం ప్రైమరీ బోల్టు టార్క్ 40 ఫుట్-పౌండ్లు, సెకండరీ బోల్టు 17. మీ సంవత్సరపు మాన్యువల్‌తో ఓసారి సరిచూసుకోండి.

బెల్టు కొత్తదో, వెడల్పు పరిమితిలో ఉన్నదో అయి ఉండాలి. అరిగి సన్నబడ్డ బెల్టుతో కుదిర్చిన సెట్టింగ్ కొత్త బెల్టు వేయగానే మారిపోతుంది. రెండు క్లచ్‌ల మధ్య దూరం, వరస అలైన్‌మెంట్ పట్టీతో చూడండి.

ట్యూనింగ్: ఒకసారికి ఒకటే మార్పు

నేల మీద ఒకే చదును దారి ఎంచుకోండి, ఒకే దిక్కున లాగించండి. క్లచ్ పట్టే క్షణం నుంచి ఫుల్ ఎక్సలేటర్ నొక్కి, దాదాపు టాప్ స్పీడు దాకా వెళ్లండి. ఆర్‌పీఎం వెంటనే లక్ష్యానికి ఎగిరి, 100 అటూఇటూగా అక్కడే నిలబడాలి. బండి వేగం పెరుగుతూ పోతున్నా మీటరు ముల్లు కదలకపోతే క్లచ్ కుదిరినట్టు.

మొదట వెయిట్లు. ముల్లు మొదటి నుంచి చివరి దాకా తక్కువలోనే ఉంటే వెయిట్లు తేలిక చేయాలి, ఎక్కువలో ఉంటే బరువు చేయాలి. అంచనాకు మూడు వెయిట్లలోనూ ఒక్కో గ్రాము మారిస్తే దాదాపు 100 ఆర్‌పీఎం మారుతుందని మొదలుపెట్టండి, మీ బండి తన లెక్క తానే చెబుతుంది. మూడింటి మధ్య తేడా 0.1 గ్రాము దాటకూడదు. పైపు శిఖరం ఎక్కడో కచ్చితంగా తెలియకపోతే ఒక్కో గ్రాము తగ్గిస్తూ 100 మీటర్ల పరుగు టైము చూడండి. ఆర్‌పీఎం పెరుగుతున్నా టైము తగ్గడం ఆగిన చోటే మీ పైపు గరిష్ఠం. ఆ ఆర్‌పీఎం నిలబెట్టగలిగే అత్యంత బరువైన వెయిట్లే మంచివి. తేలిక వెయిట్లకు బెల్టును గట్టిగా పట్టే శక్తి ఉండదు.

వెయిట్ మీద బరువు ఎక్కడ ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పిన్ను దగ్గరి బరువు మొదటి షిఫ్ట్‌పై పనిచేస్తుంది, కొస దగ్గరి బరువు పై స్పీడులో. ముల్లు మొదట తక్కువలో ఉండి మెల్లగా పైకెక్కితే పిన్ను దగ్గర బరువు తగ్గించాలి, లేదా హెలిక్స్ ఆరంభ కోణం చిన్నది కావాలి. మొదట లక్ష్యం దాటి పోయి, తర్వాత పడిపోతే కొస బరువు ఎక్కువైందన్నమాట, లేదా హెలిక్స్ చివరి కోణం నిటారుగా ఉంది.

తర్వాత ప్రైమరీ స్ప్రింగు. పైపు లాగడం మొదలుపెట్టే చోటే క్లచ్ పట్టాలి. ట్రైల్ బండికి స్టాక్ కన్నా 300 నుంచి 500 పైన పట్టేలా మార్చడం మించొద్దు. అంతకన్నా పైకి వెళ్తే బండి ప్రతిసారీ కుదుపుతో కదులుతుంది, బురదలో నెమ్మదిగా నడపడం కష్టమవుతుంది, బెల్టు ఒకే చోట కాలి చదును మచ్చ పడుతుంది.

చివరికి సెకండరీ. నేరు పరుగు బాగుండి, మలుపు దాటాక ఎక్సలేటర్ నొక్కితే ఇంజిన్ మూలిగితే స్ప్రింగు ఒక రంధ్రం బిగించండి, చాలకపోతే హెలిక్స్ 2 డిగ్రీలు తగ్గించండి. దీంతో నేరు పరుగులో ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి మళ్లీ కాస్త బరువు వెయిట్లకు వెళ్లండి. ఇప్పుడు రెండు పుల్లీల పట్టూ పెరిగింది, ఇది మంచి దారి. స్ప్రింగు మరీ బిగిస్తే మాత్రం బెల్టు వేడెక్కి పవర్ తింటుంది.

బెల్టు ఎంత పైకెక్కుతోందో కళ్లతో చూడాలంటే ప్రైమరీ పుల్లీ ముఖం మీద లోపలి నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీసి ఒక పరుగు తీయండి. బెల్టు తాకినంత మేరా గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర వేలెడు మేర గీత చెరగకుండా మిగిలిందంటే బండి టాప్ గేరుకి చేరడం లేదు. వెయిట్లు తక్కువైనా, సెకండరీ బిగువు ఎక్కువైనా అలాగే కనిపిస్తుంది.

పరుగు ముగిశాక ఇంజిన్ ఆపి, కవరు తీసి, రెండు పుల్లీల వేడి థర్మామీటరుతో చూడండి. ప్రైమరీ బాగా వేడిగా ఉంటే బెల్టు అక్కడ జారుతోంది, అంటే వెయిట్ల పట్టు చాలదు. సెకండరీ వేడిగా ఉంటే అక్కడి బిగువు తక్కువ. రెండూ వేడిగా ఉంటే అలైన్‌మెంట్ గానీ, కవరు లోపల గాలి దారి మూసుకుపోవడం గానీ చూడండి. బెల్టు పక్కలు గాజులా మెరుస్తుంటే జారుడు చాలా కాలంగా ఉన్నట్టు. అంచు నుంచి దారాలు లేస్తుంటే అలైన్‌మెంట్ తేడా.

అన్నీ కుదిరాక ఇసుక దిబ్బల్లో పొడవుగా లాగించినప్పుడు ఆర్‌పీఎం 100, 200 పైకి పోతే కంగారు పడక్కర్లేదు, పైపు వేడెక్కింది. అది కూడా సరిచేయాలనుకుంటే దిబ్బల కోసం ఒక జత, పొట్టి పరుగుల కోసం ఒక జత వెయిట్లు పెట్టుకోవాలి. పెద్ద టైర్లు వేస్తే గేరింగ్ పొడుగవుతుంది, క్లచ్ పని మళ్లీ వెయిట్ల నుంచి మొదలు.

బాన్షీ లాంటి గేర్ల బండి అయితే

1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్ముడైన యమహా బాన్షీ 347 సీసీ జంట సిలిండర్ల ఇంజిన్ ఆర్‌డీ350ఎల్‌సీ మోటార్‌సైకిల్ వంశంలోది. మన రోడ్ల మీద తిరిగిన రాజ్‌దూత్ 350 కూడా ఆర్‌డీ కుటుంబంలోదే, కాకపోతే అది ఎయిర్ కూల్డ్. ఇక్కడ క్లచ్ ఆర్‌పీఎంను పట్టి ఉంచలేదు, గేర్లే ఆ పని చేయాలి. గేరు మార్చినప్పుడు ఆర్‌పీఎం ఎంత పడుతుందో లెక్కేసి ఆ పతనమంతా పైపు పరిధిలో ఉండేలా ఎంచుకోవాలి. 9,000 దగ్గర గేరు మార్చి, తర్వాతి గేరు నిష్పత్తి 0.8 రెట్లు అయితే ఇంజిన్ 7,200కి పడుతుంది. ఆ 1,800 ఆర్‌పీఎంలూ పైపు మోయాలి. టూమీ టీ-5 లాంటి పైపులకు వెడల్పు పరిధితో పేరొచ్చింది, షియరర్ లాంటివి డ్రాగ్ (నేరు పరుగు పోటీ), దిబ్బల వాళ్లు ఎక్కువగా వాడతారు. స్టాక్ స్ప్రాకెట్లు 14/41. ముందు పళ్లు 13కి తగ్గిస్తే ప్రతి గేరూ పొట్టిదవుతుంది.

స్టాక్ 26 మి.మీ. కార్బొరేటర్లలో మెయిన్ జెట్ 200. పైపులు, తెరిచిన ఎయిర్ ఫిల్టర్ పెట్టాక మొదలుపెట్టే చోటు 260 నుంచి 300 మధ్య. రెండు ప్లగ్గులూ విడివిడిగా చదవాలి.

చేతి క్లచ్ జారుతోందో తెలుసుకోవడానికి టాప్ గేరులో మధ్య ఆర్‌పీఎం నుంచి ఫుల్ ఎక్సలేటర్ నొక్కండి. స్పీడు కన్నా ముందు ఆర్‌పీఎం ఎగిరితే జారుతున్నట్టే. స్టీలు ప్లేట్లను గాజు పలక మీద పెట్టి ఒంకర చూడండి. బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) వేళ్ల మీద ప్లేట్లు తిన్న గాట్లు పడి ఉంటే క్లచ్ శుభ్రంగా వదలదు, లోతు గాట్లయితే బాస్కెట్ మార్చాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు రాత్రంతా గేరు ఆయిల్‌లో నానబెట్టి బిగించండి. కార్లకు వాడే, జారుడు పెంచే మందులు కలిసిన ఇంజిన్ ఆయిల్ గేర్ బాక్సులో పోయకండి. స్ప్రింగులు స్టాక్ కన్నా 10 నుంచి 20 శాతం గట్టివి చాలు, అంతకు మించితే చేతికి నొప్పి తప్ప పట్టులో లాభం కనిపించదు. డ్రాగ్‌కి ఎక్కువ పవర్ తీసిన ఇంజిన్ అయితే, వేగంతో పాటు ప్రెషర్ ప్లేటును నొక్కే లాకప్ క్లచ్ వేసుకోవాలి. అది వేశాక లీవర్ ఎక్కువ ఆర్‌పీఎంలో గట్టిపడుతుంది కాబట్టి గేరు మార్చేముందు ఎక్సలేటర్ ఒక్క క్షణం వదలడం అలవాటు చేసుకోండి.